విదేశాల్లో ఇంగ్లిష్ టీచరుగా పాతికేళ్లు: హన్మకొండ నుంచి వచ్చిన ప్రశ్నకు సమాధానం

మీరు రాసినదాని సారాంశం ఇది. కాకతీయ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. ఇంగ్లిష్ చేశారు. నయీంనగర్‌లో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో నాలుగేళ్లుగా పాఠాలు చెబుతున్నారు. వయసు ఇరవై ఎనిమిది. ఆన్‌లైన్‌లో 120 గంటల టెఫెల్ (ఇంగ్లిష్‌ను పరాయి భాషగా నేర్పే శిక్షణ) సర్టిఫికెట్ చేసి, ఒక ఏజెంటు ద్వారా విజిట్ వీసా మీద వియత్నాంకో థాయ్‌లాండ్‌కో వెళ్లి, అక్కడే ఉద్యోగం వెతుక్కుని, మిగిలిన సర్వీసంతా విదేశాల్లోనే గడపాలనుకుంటున్నారు. ఇది జరిగే పనేనా, దీనికోసం ఇప్పుడే రాజీనామా చేయవచ్చా అని అడిగారు.

నేనూ కేయూలోనే ఎం.ఏ., బీఈడీ చేసి, మొదట మాల్దీవుల్లో, తర్వాత ఎమిరేట్స్‌లో (యూఏఈ) పనిచేసి, ఇప్పుడు థాయ్‌లాండ్‌లో ఒక బడిలో ఇంగ్లిష్ చెబుతున్నాను. మీరు కోరుకుంటున్న జీవితం దొరుకుతుంది గానీ మీరు అనుకుంటున్న క్రమంలో దొరకదు. భారత పాస్‌పోర్టుతో వెళ్లేవారిని ఇంగ్లిష్ బాగా వచ్చినంత మాత్రాన ఎవరూ పిలవరు. బీఈడీ, దాని ఆధారంగా వచ్చే లైసెన్సు, కాగితంతో రుజువు చేయగల బోధనానుభవం ఉన్నవారినే పిలుస్తారు. అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. మనం వెళ్లగలిగే దేశాల్లో దాదాపు ఏదీ చివరి కాంట్రాక్టు ముగిశాక మనల్ని ఉండనివ్వదు కాబట్టి, ఉద్యోగం అక్కడ చేసినా వృద్ధాప్యానికి కావలసిన ఏర్పాటు మొదటి జీతం నుంచే ఇక్కడ మొదలుకావాలి.

ముందుగా మూసి ఉన్న తలుపుల సంగతి చెబుతాను. యూట్యూబులో ఎక్కువగా కనబడే వీడియోలు కొరియా గురించే. ఆ దేశం భాషా బోధకులకిచ్చే ఇ-2 వీసాను ఇంగ్లిష్ విషయంలో అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా అనే ఏడు దేశాల పౌరులకే ఇస్తుంది. 2010 జనవరి నుంచి అమల్లో ఉన్న భారత-కొరియా ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం కింద, ఉపాధ్యాయ అర్హత పత్రం ఉన్న భారతీయులు ప్రభుత్వ బడుల్లో సహాయక ఇంగ్లిష్ టీచర్లుగా పనిచేసే వెసులుబాటు ఉంది. అయితే ఉద్యోగ ప్రకటనలు చూస్తే ఆ వెసులుబాటు ఆచరణలో ఎంత అరుదో మీకే తెలుస్తుంది, పైగా అక్కడా అడిగేది బీఈడీ లాంటి అర్హతనే. చైనాలో కూడా ఇంగ్లిష్ బోధనకు పని అనుమతి సాధారణంగా ఆ భాష మాతృభాషగా ఉన్న దేశాలవారికే దొరుకుతుంది. 2021 జూలైలో అక్కడి ప్రభుత్వం ప్రైవేటు ట్యూషన్ సంస్థలపై కఠినమైన ఆంక్షలు పెట్టిన తర్వాత ఆ పాస్‌పోర్టులున్నవారికే చాలా ఉద్యోగాలు పోయాయి.

వియత్నాంలో మనవాళ్లకు అవకాశం ఉన్న మాట నిజమే. డిగ్రీ, బోధన సర్టిఫికెట్, పోలీసు క్లియరెన్సు, వైద్య పరీక్ష ఉంటే వర్క్ పర్మిట్ వస్తుంది; దాని గడువు గరిష్ఠంగా రెండేళ్లు. కానీ డిగ్రీ, పోలీసు పత్రాల ధ్రువీకరణ ఇండియాలో ఉండగానే పూర్తిచేసుకోవాలి. మీ ఏజెంటు చెబుతున్నట్టు విజిట్ వీసా మీద దిగి ట్యూషన్ సెంటర్లలో పని మొదలుపెడితే, ఆ రోజు నుంచే మీరు చట్టవిరుద్ధంగా పనిచేస్తున్నట్టు లెక్క. జీతం ఆపేసినా ఎవరికీ ఫిర్యాదు చేయలేరు. జగిత్యాల, సిరిసిల్ల వైపు గల్ఫ్ కుటుంబాలలో ఎవరినడిగినా విజిట్ మీద వెళ్లి ఇరుక్కున్నవాళ్ల కథ ఒకటి చెబుతారు. టీచరు ఉద్యోగమైనంత మాత్రాన ఆ చట్టం మనపట్ల మెత్తగా ఉండదు.

థాయ్‌లాండ్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఇక్కడి బడుల్లో విదేశీ టీచర్లలో ఫిలిప్పీన్స్ వారు చాలా ఎక్కువ, భారతీయులూ కనబడతారు. అదే పీరియడ్లు, అదే తరగతి అయినా నేటివ్ స్పీకర్ అని పిలిచేవారికి ఒక జీతం, మనకు ఒక జీతం ఉండటం ఇక్కడ బహిరంగ విషయమే. దానికి సిద్ధపడే రావాలి. రావలసిన పద్ధతి నాన్-ఇమిగ్రెంట్ బి వీసా, దానిమీద వర్క్ పర్మిట్. బడిలో టీచరుగా కొనసాగాలంటే ఖురుసపా అనే ఉపాధ్యాయ మండలి లైసెన్సు కావాలి. లైసెన్సు లేనివారికి తాత్కాలిక అనుమతి దొరుకుతుంది, కానీ దాన్ని పొడిగించుకుంటూ పోవడానికి హద్దు ఉంది. ఈ చోటే టెఫెల్ సర్టిఫికెట్ మాత్రమే ఉన్నవారు ఆగిపోతారు, బీఈడీ ఉన్నవారు ముందుకు పోతారు. నాతోపాటు చేరి, చక్కటి ఉచ్చారణతో పిల్లల మెప్పు పొందిన ఒకరిద్దరు కేవలం ఈ కారణంగా వెనుదిరగడం చూశాను.

ఉండే అనుమతి ఏడాదికోసారి పొడిగిస్తారు. తొంభై రోజులకోసారి ఇమిగ్రేషన్‌కు చిరునామా తెలపాలి. సంక్రాంతికి ఇంటికి వచ్చేముందు రీ-ఎంట్రీ పర్మిట్ తీసుకోకపోతే విమానం ఎక్కగానే వీసా రద్దయినట్టే. వీటన్నిటికన్నా పెద్ద విషయం, ఉద్యోగం ముగిసిన రోజే ఉండే హక్కు కూడా ముగుస్తుంది. కౌలుకు తీసుకున్న చెలకలో ఎన్ని పంటలు తీసినా పట్టా పాస్‌పుస్తకం మన పేరు మీదికి రానట్టే, ఇక్కడ పదిహేనేళ్లు పాఠాలు చెప్పినా మీ స్థితి మొదటి ఏడాది టీచరు స్థితే. శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసుకునే వీలు ఉంది గానీ ఒక్కో దేశానికి ఏడాదికి వందమంది అనే పరిమితి ఉంది, అంటే మొత్తం భారతదేశానికి వంద. అందులో వ్యాపారులతో, కంపెనీ ఉద్యోగులతో పోటీపడాలి, థాయ్ మాట్లాడగలగాలి, పన్ను కట్టిన చరిత్ర చూపాలి. యాభై ఏళ్లు దాటినవారికి రిటైర్‌మెంట్ పద్ధతిలో ఉండే అవకాశం మరొకటి. దానికి బ్యాంకులో ఎనిమిది లక్షల బాట్లు గానీ, నెలకు అరవై ఐదు వేల బాట్ల ఆదాయం గానీ చూపాలి, పని మాత్రం చేయకూడదు.

మాల్దీవులను మన ప్రాంతంలో చాలామంది చిన్నచూపు చూస్తారు, నా ఉద్దేశంలో మొదటి ఉద్యోగానికి అంతకన్నా మంచి చోటు తక్కువ. బోధనా మాధ్యమం ఇంగ్లిష్ కావడం, అక్కడి ప్రభుత్వ బడులే భారతీయ టీచర్లను నియమించుకోవడం వల్ల ఒప్పందం స్పష్టంగా ఉంటుంది, జీతం వేళకు వస్తుంది. రాజధాని మాలేలో అద్దెలు భరించలేం. దూరపు దీవుల్లో ఖర్చు తక్కువ, ఒంటరితనం ఎక్కువ. వారానికోసారి వచ్చే పడవలో కూరగాయలు అయిపోకముందే కొనుక్కోవడం, ఊరంతా అరగంటలో చుట్టి రావడం కొందరికి పడదు. రెండు మూడేళ్లు ఉంటే విదేశీ అనుభవం అనే కాగితం చేతికి వస్తుంది, అది తర్వాతి దేశంలో పనికొస్తుంది. అక్కడ స్థిరపడే ఆలోచన మాత్రం పెట్టుకోవద్దు. 2008 రాజ్యాంగం ప్రకారం ముస్లిమేతరులకు ఆ దేశ పౌరసత్వం లేదు.

ఎమిరేట్స్, ఒమన్, ఖతర్, కువైట్‌లలో సీబీఎస్ఈ బడులు చాలా ఉన్నాయి కాబట్టి బీఈడీ ఉన్న తెలుగు టీచర్లకు నిలకడైన మార్కెట్ అదే. బ్రిటిష్ కరికులం బడులతో పోలిస్తే వీటిలో జీతం బాగా తక్కువ. ఆఫర్ లెటరులో మొత్తం అంకె చూసి మురిసిపోవద్దు, అందులో బేసిక్ ఎంతో చూడండి. ఎమిరేట్స్ చట్టం ప్రకారం ఉద్యోగం మానేటప్పుడు వచ్చే గ్రాట్యుటీ మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆపైన ఏడాదికి 30 రోజుల బేసిక్ చొప్పున లెక్కిస్తారు. అలవెన్సులు ఎక్కువ చూపి బేసిక్ తగ్గించిన ఒప్పందంలో పదేళ్ల తర్వాత చేతికొచ్చేది చాలా తగ్గిపోతుంది. చేరేముందే ఈ విభజన గురించి మాట్లాడాలి; చేరాక మాట్లాడి లాభం లేదు. కుటుంబాన్ని తీసుకువెళ్లే విషయంలో 2019 నుంచి అక్కడ వృత్తి చూడటం లేదు, జీతమే చూస్తున్నారు. నెలకు 4,000 దిర్హాములు, లేదా 3,000 దిర్హాములతోపాటు వసతి ఉంటే స్త్రీ అయినా పురుషుడైనా కుటుంబానికి స్పాన్సరు కావచ్చు. ప్రతిభ గల టీచర్లకు పదేళ్ల గోల్డెన్ వీసా ఇస్తామని 2024 అక్టోబరులో దుబాయ్ ప్రకటించింది, వస్తే సంతోషమే, కానీ దాన్ని లెక్కలో వేసుకుని ప్రణాళిక వేయకూడదు.

ఇంగ్లండు, అమెరికాల గురించి మీరు అడగలేదు గానీ ఎవరో ఒకరు మీ చెవిన వేస్తారు. ఇంగ్లండు 2023 ఫిబ్రవరిలో క్యూటీఎస్ అనే ఉపాధ్యాయ హోదాకు భారతీయులు నేరుగా దరఖాస్తు చేసుకునే వీలు కల్పించింది, కానీ మనవంటి దేశాలవారి విషయంలో అది గణితం, సైన్సు, విదేశీ భాషల టీచర్లకే పరిమితం. అమెరికా విదేశీ టీచర్లకిచ్చే జె-1 వీసా మూడేళ్లది, కొంత పొడిగింపు ఉంటుంది, ఆ తర్వాత సాధారణంగా తిరిగి రావలసిందే. దీర్ఘకాల నివాసం నిజంగా దొరికే దేశం జపాన్. పదేళ్లు ఉన్నవారు, అందులో ఐదేళ్లయినా పని వీసా మీద ఉన్నవారు, శాశ్వత నివాసం అడగవచ్చు. అయితే చాలా సంస్థలు పన్నెండేళ్ల చదువు ఇంగ్లిష్ మీడియంలో సాగినట్టు రుజువు అడుగుతాయి. మీ పదో తరగతి తెలుగు మీడియంలో అయితే అక్కడే ఇబ్బంది మొదలవుతుంది. జపనీస్ నేర్చుకోవడానికి నాలుగైదేళ్లు పెట్టగలననుకుంటేనే ఆ వైపు చూడండి.

కాబట్టి నా సలహా, ఈసారి ఎడ్‌సెట్ రాసి రెగ్యులర్ బీఈడీలో చేరండి. రెండేళ్లు పోతాయని బాధపడతారని తెలుసు. ముప్పై దాటాక ప్రతి దేశంలోనూ ఆ కాగితం లేక ఆగిపోవడంకన్నా ఇప్పుడు ఆగడం మేలు. దూరవిద్య డిగ్రీలకు గల్ఫ్‌లో అక్కడి డిగ్రీకి సమానమని గుర్తించే దగ్గర చిక్కులు వస్తాయి, తొందరపడి ఆ దారి పట్టవద్దు. ఇంకో లాభం, బీఈడీ ఉంటే టెట్, డీఎస్సీ దారి కూడా తెరిచి ఉంటుంది. 11,062 పోస్టులతో వచ్చిన 2024 డీఎస్సీలో సాధారణ గరిష్ఠ వయసు 46 పెట్టారు, అంటే పదేళ్లు బయట పనిచేసి వచ్చాక కూడా ఆ తలుపు తట్టడానికి కొంత వీలుంటుంది. టెఫెల్‌కు పెట్టాలనుకున్న డబ్బుకు మరికొంత కలిపి, బీఈడీ తర్వాత సెల్టా అనే కేంబ్రిడ్జ్ వారి ఇంగ్లిష్ బోధన సర్టిఫికెట్ చేయండి. లక్ష దాటుతుంది గానీ అందులో 120 గంటల శిక్షణతోపాటు నిజమైన విద్యార్థుల ముందు ఆరు గంటలు పాఠం చెప్పాలి, శిక్షకులు వెనక కూర్చుని చూస్తారు. వారాంతంలో ఇంట్లో కూర్చుని నొక్కిన బటన్లకు వచ్చే సర్టిఫికెట్‌కు, దీనికి విలువలో పోలిక లేదు. అంత ఖర్చు వద్దనుకుంటే హైదరాబాద్ ఇఫ్లూలో (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) ఇంగ్లిష్ బోధనపై పీజీ డిప్లొమా దూరవిద్యలో ఉంది, బీఈడీకి తోడుగా అది గౌరవంగానే ఉంటుంది.

ఇంటర్వ్యూలో మనవాళ్లు తప్పిపోయేది వ్యాకరణం దగ్గర కాదు, డెమో పాఠం దగ్గర. జూనియర్ కాలేజీలో మనకు అలవాటైన పద్ధతి పాఠం చదవడం, అర్థం చెప్పడం, నోట్సు రాయించడం, మధ్యమధ్యలో అర్థమైందా అని అడగడం, తరగతి మొత్తం ‘ఎస్ సర్’ అనడం. అక్కడ ప్యానెల్ చూసేది మీరు ఎంత మాట్లాడారన్నది కాదు, పిల్లలు ఎంత మాట్లాడారన్నది. ఒక ఉదాహరణ తీసుకోండి. ‘షి యూజ్డ్ టు లివ్ ఇన్ మహబూబాబాద్’ అనే వాక్యం బోర్డు మీద రాశారు. అర్థమైందా అని అడిగితే జవాబు ఎప్పుడూ అవుననే వస్తుంది, దానివల్ల మీకేమీ తెలియదు. ఆమె ఇప్పుడు మహబూబాబాద్‌లో ఉంటోందా అని అడగండి. సగం మంది అవునంటారు. పాఠం అసలు అక్కడే మొదలవుతుంది. తర్వాత అదే నిర్మాణంతో తమ గురించి తాము ఒక్కో వాక్యం పక్కవారికి చెప్పమనండి, మీరు బల్లల మధ్య తిరుగుతూ వినండి. ఇరవై నిమిషాల డెమోలో మీ మాట ఐదు నిమిషాలకు మించకపోతే మంచిది. ఉచ్చారణలో అమెరికా యాస తెచ్చిపెట్టుకోవద్దు, ఎబ్బెట్టుగా ఉంటుంది. ‘ఎగ్’ను ‘యెగ్’ అని, ‘ఓన్లీ’ని ‘వోన్లీ’ అని పలికే మన అలవాట్లను మాత్రం ఫోనులో రికార్డు చేసుకుని విని సరిచేసుకోండి.

కాగితాల విషయంలో తెలుగువాళ్లకు ప్రత్యేకంగా వచ్చే తలనొప్పి పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా, కేయూ డిగ్రీలో పేరు ముందు, ఇంటిపేరు వెనక ఉంటాయి. మనకు ఇవన్నీ ఒకే మనిషి; అబుధాబిలోనో బ్యాంకాక్‌లోనో కౌంటరులో కూర్చున్న గుమస్తాకు ముగ్గురు మనుషులు. అన్నిటినీ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చుకోండి. తేడా ఉంటే పాస్‌పోర్టును మెమోకు అనుగుణంగా సరిచేయించుకోవడమే తేలిక, ఎందుకంటే పదో తరగతి మెమో మార్చడం చాలా కష్టం. ప్రొవిజనల్ చాలదు, ఒరిజినల్ డిగ్రీ తీసి పెట్టుకోవాలి. ఎమిరేట్స్‌కైతే రాష్ట్ర స్థాయి ధ్రువీకరణ, తర్వాత విదేశాంగ శాఖ, తర్వాత ఆ దేశ రాయబార కార్యాలయం, అక్కడికి వెళ్లాక వారి విదేశాంగ శాఖ, ఇలా నాలుగు ముద్రలు పడాలి. అపోస్టిల్ ఒప్పందంలో (ఒక దేశం వేసిన ధ్రువీకరణ ముద్రను మిగతా సభ్య దేశాలు ఒప్పుకునే ఏర్పాటు) ఉన్న ఒమన్, బహ్రెయిన్‌ల వంటి దేశాలకు విదేశాంగ శాఖ వేసే ఒక్క అపోస్టిల్‌తో రాయబార కార్యాలయం మెట్టు తప్పుతుంది. ఐఎల్టీఎస్ స్కోరు రెండేళ్లకే చెల్లుతుంది కాబట్టి ఉద్యోగాలకు దరఖాస్తు చేసే సమయానికే ఆ పరీక్ష రాయండి.

మీ ఏజెంటు రెండున్నర లక్షలు అడిగాడని రాశారు. 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం విదేశీ ఉద్యోగాలకు పంపే ఏజెంటు కేంద్ర ప్రభుత్వం దగ్గర రిజిస్టరై ఉండాలి, అభ్యర్థి నుంచి తీసుకోగలిగిన సర్వీసు ఛార్జి 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మాత్రమే. అతని రిజిస్ట్రేషన్ నంబరు అడిగి, ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూడండి. నంబరు ఇవ్వకుండా మాట మార్చితే పైసా ఇవ్వవద్దు. విదేశీ ఉద్యోగాలకు పంపే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ప్రకటనలు కూడా గమనిస్తూ ఉండండి, అయితే టీచరు ఉద్యోగాలు ఎక్కువగా బడుల సొంత వెబ్‌సైట్లలోనే దొరుకుతాయి, వాటికి మధ్యవర్తి అవసరమే లేదు.

ఇక డబ్బు, వయసు. విదేశంలో టీచరు జీతం మీకు ఇప్పుడు వస్తున్నదానికన్నా ఎక్కువే ఉంటుంది, కానీ దాని వెనక పెన్షన్ ఉండదు. ఎమిరేట్స్‌లో యాభై ఐదేళ్ల తర్వాత ఉండే రిటైర్‌మెంట్ వీసాకు పది లక్షల దిర్హాముల ఆస్తో పొదుపో, కాకుంటే పెద్ద నెలసరి ఆదాయమో చూపాలి, సీబీఎస్ఈ బడి జీతంతో అది సామాన్యంగా కుదరదు. కనుక వెళ్లకముందే ఎన్పీఎస్ (జాతీయ పెన్షన్ పథకం) ఖాతా తెరవండి, ఎన్నారై అయ్యాక కూడా కొనసాగించవచ్చు. పీపీఎఫ్ అనే దీర్ఘకాల పొదుపు ఖాతాను మాత్రం ఎన్నారైలు కొత్తగా తెరవలేరు, ఇప్పుడు తెరిస్తే గడువు దాకా నడుపుకోవచ్చు. జీతంలో మూడో వంతు ముట్టుకోకుండా పక్కన పెట్టలేని ఉద్యోగమైతే ఆ దేశం ఎంత అందంగా ఉన్నా వద్దనే అంటాను. మనవాళ్లు చేసేది మొదటి మూడేళ్ల సంపాదన మొత్తం మడికొండ వైపో హసన్‌పర్తి వైపో ఒక ప్లాటులో పెట్టడం. ప్లాటు కొనడం తప్పు కాదు. కాంట్రాక్టు పొడిగించని ఏడాదిలో అది అన్నం పెట్టదు, ఏడాది ఖర్చుకు సరిపడా చేతిలో ఉన్నాకే దాని జోలికి వెళ్లండి.

పెళ్లి, పిల్లల సంగతి మీరు ఒక్క వాక్యంలో దాటేశారు గానీ ఎక్కువమంది తిరిగి వచ్చేది దానివల్లే. బడిలో టీచరు పిల్లలకు ఫీజు రాయితీ ఉందో లేదో ఒప్పందంలో రాయించుకోవాలి. మరొకటి స్థానికత. 2024లో వచ్చిన జీవో 33 ప్రకారం రాష్ట్ర కోటాలో మెడికల్ సీటు కావాలంటే ఇంటర్ పూర్తయ్యేదాకా వరుసగా నాలుగేళ్లు తెలంగాణలో చదివి ఉండాలి. తొమ్మిదో తరగతికి పిల్లలను తీసుకుని ఒకరు హన్మకొండకు వచ్చేయడం, ఇంకొకరు అక్కడే ఒంటరిగా ఉండిపోవడం నేను చాలా ఇళ్లలో చూశాను. మీ తల్లిదండ్రులకు మీరొక్కరే సంతానమని రాశారు, వారి ఆరోగ్య బీమా మీరు వెళ్లకముందే తీసుకోండి, వయసు పెరిగేకొద్దీ ప్రీమియం, షరతులు రెండూ పెరుగుతాయి.

రాజీనామా ఇప్పుడు చేయవద్దు. విద్యా సంవత్సరం చివరిదాకా ఉండి, ముందుగా అనుభవ ధ్రువపత్రం సంపాదించండి. మన ప్రైవేటు కాలేజీల్లో చాలావాటిలో నియామక పత్రం ఉండదు, జీతం సగం బ్యాంకులో, సగం చేతికి ఇస్తారు, మానేశాక ఉత్తరం అడిగితే నెలల తరబడి తిప్పుతారు. కాలేజీ లెటర్‌హెడ్ మీద చేరిన తేదీ, బోధించిన తరగతులు, వారానికి పీరియడ్లు రాయించి, ప్రిన్సిపల్ సంతకం, ముద్ర వేయించుకోండి. దానికి తోడు జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్లు, పీఎఫ్ ఉంటే యూఏఎన్ పాస్‌బుక్కు కాపీలు తీసి పెట్టండి. విదేశీ బడి మీ అనుభవాన్ని నిర్ధారించుకోవడానికి కాలేజీకి మెయిల్ పంపుతుంది కాబట్టి, ఆ మెయిల్‌కు జవాబిచ్చే మనిషి ఎవరో కనుక్కుని, వారితో సఖ్యంగా ఉండగానే బయటికి రండి.